జ్వరం లేకున్నా నాయన పోవల్ల

22 అక్టోబరు, బుధవారం. కార్తీకం మొదలు.

రామకోటి పుస్తకంలో వెనక వైపు పేజీలు ఖాళీగా ఉన్నాయి. ముందర నుంచి నామం, వెనక నుంచి ఇది. రెండూ కలిసిన చోట ఆపేస్తాను.

పెద్ద కారణం ఏమీ లేదు. తెల్లవారి దీపం పెట్టుకుని కూర్చుంటే నామం మధ్యలో నిలిచిపోతాంది. మనసులోది రాసి పక్కన పెడితే సాగుతుందేమోనని.

పండగకు తమ్ముడు శేఖరు హిందూపురం నుంచి ధర్మవరం వచ్చి, నిన్న పోయినాడు. పోయేటప్పుడు నలభై పేజీల కట్ట నా మగ్గం మీద పెట్టినాడు. సినిమా కథ. వాడే రాసినాడు, వాడే తీస్తాడంట.

వాడు కాలేజీలో ఫిజిక్సు చెప్తాడు. సెలవు దినాల్లో ఫోను ముందర కూర్చుని సైన్సు సినిమాల్లో లొసుగులు చెప్తాడు. అంతరిక్షంలో గాలి లేదు గదా, రాకెట్టు పేలితే శబ్దం ఎట్ల వినపడె? ఇంకో గ్రహం వాళ్ళకు తెలుగు ఎవరు నేర్పించిరి? ఇట్లాంటివి. నలభై వేల మంది చూస్తారంట. నేనూ నేస్తా నేస్తా వింటాను. ఇప్పుడు ఆ నలభై వేల మందే వాన్ని ఎగతాళి చేస్తాండారు. ఊరందరి తప్పులు పడతావు, తప్పు లేకుండా ఒకటి తీసి చూపించప్పా అని.

"అందుకే అక్కా," అన్నాడు. "ఒక్క లొసుగు ఉండకూడదు. నీ కంట్లో పడకుండా దారం తెగదు. నువ్వు చూడు. నెలాఖరుకు కాదు, వచ్చే నెలాఖరుకు బెంగళూరు పోటీకి పంపల్ల."

చదవలేదు ఇంకా. పని ఉంది.

24 అక్టోబరు

మగ్గం మీద నుంచి కోసిన చీరలో కొంగు దగ్గర ఒక పోగు వదులు. వేలితో తడిమితే గాని తెలీదు. అంగడికి నేనే పోయి, ఆ చోట వేలు పెట్టి చూపించి వచ్చినాను. అంగడాయన నవ్వినాడు. "కమలాక్షమ్మా, నువ్వు చెప్పకుంటే దేవునికి కూడా కనపడదు."

కనపడుతుంది.

నాయన పద్ధతి ఇది. చీరలో తప్పు ఉంటే చేసిన చేయే పోయి చెప్పల్ల. ఇంకొకరితో చెప్పి పంపకూడదు. కొనేవాళ్ళు కనుక్కునేదాకా ఉండకూడదు.

26 అక్టోబరు, ఆదివారం

సగం చదివినాను. కథ బాగుంది. హీరో కాలంలో వెనక్కి పోతాడు. యంత్రం ఏదో కాదు, చీరలో డిజైను తెచ్చేదానికి మగ్గం మీద పెట్టే జకార్డు పెట్టె. అట్టల మీద తేదీకి తగ్గట్టు రంధ్రాలు కొట్టి, వరసగా కుట్టి తిప్పితే ఆ దినానికి పోతాడు. ఏడు నిమిషాలు ఉండొచ్చు. అంతే.

నేను పట్టిన తప్పులు:

హీరో ఇప్పటి ప్యాంటుతో 1993కు పోతాడు. వీధిలో ఒక్కరూ తిరిగి చూడరు. మా వీధిలోనా?

అట్టల దండ కొసా మొదలూ కలిపి కుట్టి ఉంటుంది. చివరి అట్ట అయినాక మళ్ళీ మొదటిదే వస్తుంది. అంటే వాడు వెనక్కి పోతానే ఉంటాడు. తిరిగి వచ్చేది ఎట్ల? దండను యాడో విప్పల్ల. ఎవరు విప్పుతారు?

ఒక అట్టలో తప్పు ఉంటే ఆ తప్పు ఒక్కసారి కాదు, దండ తిరిగిన ప్రతిసారీ వస్తుంది. ఇది వాడు రాసుకోలేదు. రాసుకుంటే మంచిది.

1993 ఎందుకో.

27 అక్టోబరు. మొదటి సోమవారం. ఉపవాసం.

మొత్తం చదివినాను.

28 అక్టోబరు

నామం సాగలేదు. నూటెనిమిది అనుకుని కూర్చుని నలభై దగ్గర లేచినాను. నాకేమీ కలవరం లేదు. మోకాళ్ళ నొప్పి.

కథలో హీరో ఆరేండ్ల పిల్లోడుగా ఉన్నప్పుడు ఎండలో ఐసుపుల్లలు తిని జ్వరం తెచ్చుకుంటాడు. వాని నాయన మందు కోసం హిందూపురానికి బయలుదేరి పెనుకొండ బస్టాండులో గుండె ఆగి చచ్చిపోతాడు. పిల్లోడు పెద్దయి యంత్రం చేస్తాడు. ఐసుపుల్ల తినకుండా ఆపేదానికి.

శేఖరుకు ఫోను చేసినాను. "ఏరా, ఇది మన ఇంటి కథ కదా."

"కథేనక్కా. యాడో ఒకచోట నుంచి తీసుకోవల్ల గదా. యంత్రం బాగుండాదా?"

"బాగుంది."

ముప్పై రెండేండ్లలో నాయన పోయిన దినం గురించి వాడు నాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మర్చిపోయినాడు అనుకున్నాను. ఆరేండ్ల పిల్లోనికి ఏం గుర్తుంటుంది.

2 నవంబరు, ఆదివారం

శేఖరు, వాని కెమెరా స్నేహితుడు గిరి వచ్చినారు. సంగటి, గోంగూర పప్పు చేసినాను. తినేటప్పుడంతా కథ గురించే గొడవ. వాళ్ళు మాట్లాడింది ఉన్నదున్నట్టు రాస్తాను. ఎందుకంటే అప్పటి నుంచి అదే తిరుగుతాంది తలలో.

గిరి: "అన్నా, నీ కథలో పెద్ద లొసుగు ఉండాది. చెప్పనా?"

"చెప్పప్పా, దానికే గదా అన్నం పెట్టింది."

"హీరో వెనక్కి పోయి ఐసుపుల్ల లాక్కున్నాడు. సరే. పిల్లోనికి జ్వరం రాలేదు. నాయన పోలేదు. చావలేదు. మరి పిల్లోడు పెద్దయి యంత్రం చేయాల్సిన పనేముండాది? యంత్రం లేకుంటే ఐసుపుల్ల లాక్కునింది ఎవరు?"

శేఖరు ముద్ద పళ్ళెంలో పెట్టేసినాడు. "తెలుసప్పా. పదైదు దినాల నుంచి దానితోనే చస్తాండా. దానికి ఒకటే దారి. జ్వరం రాకుండా చేసినా నాయన పోవల్ల. అట్లయితేనే కథ నిలబడతాది. హీరో ఎన్నిసార్లు పోయినా, ఎన్ని సరిచేసినా, నాయన ఆ బస్సు ఎక్కల్ల."

"ఎందుకు ఎక్కుతాడు? జ్వరమే లేదంటివి."

"అదే దొరకలేదు."

గిరి నవ్వి నా వైపు తిరిగినాడు. "పెద్దక్కా, పురాణాల్లో ఇట్లాంటివి ఎన్నో ఉంటాయి గదా. వాటిలో లొసుగులు అడగడే ఈయన?"

"అక్క ముందర అడగమంటావా? రెండో ముద్ద పెట్టదు."

నేనూ నవ్వినాను. అప్పుడు గిరి ఇంకొకటి అడిగినాడు. ఊరికే, నీళ్ళు తాగుతా.

"ఇంకోటన్నా. పిల్లోని జ్వరానికి మందు కావాలంటే హిందూపురం దాకా ఎందుకు? ధర్మవరంలో మందుల షాపు లేదా ఆ కాలంలో?"

నేను పప్పు గిన్నె దించినాను.

శేఖరే జవాబు చెప్పినాడు. కొంచెం గట్టిగా. "పిల్లోల్ల పెద్ద డాక్టరు హిందూపురంలో ఉండె. అక్క చెప్పింది."

"ఓహో. అట్లయితే సరే."

నేను చెప్పినది అదే. పెద్ద డాక్టరు అని.

పోయేటప్పుడు గడప దగ్గర శేఖరు ఆగినాడు. "అక్కా, నువ్వే చెప్పు. జ్వరం లేకున్నా నాయన పోవల్ల అంటే ఏం కారణం ఉండల్ల? నువ్వు ఆలోచిస్తే దొరుకుతాది."

"తెలీదు" అన్నాను.

3 నవంబరు

తెలీదు అన్నాను.

5 నవంబరు. పున్నమి.

మూడు వందల అరవై ఐదు వత్తులు వెలిగించినాను. గాలికి ఒక పక్క ఆరిపోయింది. మళ్ళీ వెలిగించినాను.

ఒక సంగతి రాస్తాను. రాస్తే పోతుంది.

అప్పట్లో మా ఇంట్లో అట్టలు కొట్టేది నేను. డిజైను గీసిన గ్రాఫు కాగితం చూసుకుంటా, గడికి ఒక రంధ్రం, చిన్న సుత్తితో. హిందూపురం చిన్నస్వామి గారింట్లో పెండ్లి. ఎర్ర చీర, అంచు నిండా గోరంత హంసలు. నూటా పదిహేడో అట్టలో ఒక్క రంధ్రం కొట్టలేదు నేను. పిల్లోడు జ్వరంతో ఏడుస్తాంటే ఒక చేత్తో వాన్ని పట్టుకుని ఇంకో చేత్తో కొట్టినాను. అట్లాంటప్పుడు ఎవరికైనా తప్పుతుంది.

ఆ ఒక్క రంధ్రం హంస కన్ను. ఎర్ర పోగు అక్కడ పైకి లేవల్ల, లేవలేదు. జరీ కప్పేసింది. దండ తిరిగిన ప్రతిసారీ ఇంకో హంస, కన్ను లేకుండా. చీర మంచి వైపు కిందికి ఉంటుంది మగ్గం మీద. నాయనకు కోసి పరిచినాక కనపడింది. పెండ్లి చీర మీద వందల కొద్దీ గుడ్డి హంసలు.

నన్ను ఒక్క మాట అనలేదు. చీర మడిచి సంచీలో పెట్టుకున్నాడు. "పోయి చెప్పి వస్తా. వేరేది నేసేదానికి గడువు అడుగుతా. నేసింది నేను, నాకే కనపడలేదు అని చెప్తా" అన్నాడు.

ఆ అట్ట దేవుని పటం వెనక ఉంది. ఆ తర్వాత నేను అట్టలు కొట్టలేదు. నేత మాత్రమే.

రాసినాను. నామం ఇప్పుడైనా సాగల్ల.

6 నవంబరు

సాగలేదు.

8 నవంబరు

చెల్లెలు మల్లిక అగళి నుంచి ఫోను చేసింది. దానికి మాటలు ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే, నా వంతువి కూడా అదే మాట్లాడుతుంది. శేఖరు దానికీ ఫోను చేసి 1993లో ఇంట్లో ఏమేమి సామాన్లు ఉండె, నువ్వేం బట్టలు వేసుకుంటాంటివి అని అడిగినాడంట.

"నాకేం గుర్తుంటాది, ఆ పొద్దు నేను అవ్వ దగ్గర అగళిలో ఉంటిని. ఆ ఏడు నువ్వు కుట్టించిన ఎర్ర పట్టు పావడా మాత్రం గుర్తుండాది అని చెప్పినా. అవునక్కా, ఆ పావడాకు అంచు ఎందుకు లేదు? పట్టు పావడాకు అంచు లేకుండా ఎవరన్నా కుట్టిస్తారా? అందరూ నవ్విరి నన్ను చూసి."

"గుడ్డ చాల్లేదు."

"అంత గుడ్డ ఉంటే, అంచుకు చాల్లేదా?"

పాలు పొంగుతాండాయని పెట్టేసినాను. పాలు పెట్టలేదు పొయ్యి మీద.

12 నవంబరు

పొద్దున ఎనిమిదింటికి అశ్విని ఫోను. శేఖరు భార్య ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఈ పొద్దు ఏడుస్తా మాట్లాడింది.

"వదినా, పాపకు నిన్నటి నుంచి నూటా మూడు జ్వరం. ఆసుపత్రికి తీసుకుపోదామంటే కదలడు. నన్ను కూడా గడప దాటనీడు. మీరు చెప్తేనే వింటాడు. రాండి వదినా."

పది గంటల రైలుకు పోయినాను. నేను ఎప్పుడూ రైలుకే పోతాను. బస్సు పడదు, వాంతి వస్తుంది.

శేఖరు వాకిట్లో గడప మీద అడ్డంగా కూర్చుని ఉన్నాడు. కాళ్ళు చాపుకుని. ముప్పై ఎనిమిదేండ్ల మనిషి. చేతిలో కథ కాగితాలు, చదవడం లేదు.

"లేరా" అన్నాను.

"మందు పక్కింటాయనతో తెప్పించినాక్కా. ఈడికే వస్తాది. ఎవరూ పోవద్దు."

"నేను పాపను ఎత్తుకుని పోతాను. నువ్వు ఈడే ఉండు."

నా చేయి పట్టుకున్నాడు. చిన్నప్పుడు పట్టుకున్నట్టు, మణికట్టు దగ్గర. "నువ్వు మాత్రం పోవద్దక్కా."

అశ్విని నా వెనక నుంచి మెల్లగా చెప్పింది. "ఇదే మొదటిసారి కాదు వదినా. పాప పుట్టినప్పటి నుంచీ ఇంతే. జ్వరం అంటే చాలు, ఇంట్లో ఎవర్నీ బయటికి పోనీడు. పోతే తిరిగి రారంటాడు. ఫిజిక్సు చెప్పే మనిషి."

వాని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించినాను. పాపను ఆటోలో తీసుకుపోయి చూపించుకుని వచ్చినాము. టైఫాయిడ్ కాదు. సాయంత్రానికి దిగింది. మేము తిరిగి వచ్చేదాకా వాడు అదే గడప మీద ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, నా ముఖం, పాప ముఖం చూసి లోపలికి పోయినాడు. వాంతి చేసుకున్నది వినపడింది.

13 నవంబరు

పున్నమి నాడు రాసినదాన్ని మళ్ళీ చదివినాను. శేఖరు సినిమాలను చూసేటట్టు చూసినాను. ఏది ముందర, ఏది వెనక అని.

అట్టలు కొట్టింది మాఘమాసంలో. అట్టలు అయినాక పడుగు ఎక్కించల్ల, నేయల్ల. చీర కోసింది చైత్రంలో. పిల్లోనికి జ్వరం వచ్చింది చీర కోసే ముందర దినం.

మాఘంలో వానికి జ్వరం లేదు. వాడు వీధిలో టైరు దొర్లిస్తాండె.

అంటే పున్నమి నాడు, దీపాల ముందర కూర్చుని, నేను ఒక్కదాన్నే చదువుకునే పుస్తకంలో కూడా వాని మీదే వేసినాను.

ఇప్పుడు సరిగ్గా రాస్తాను. ఆ మధ్యాహ్నం పక్కింటి కల్పన సినిమాకు పిలిచింది. గ్రాఫు మీద పెన్సిలు గుర్తు పెట్టి పోయినాను. మ్యాటినీ. మంచి సినిమా. తిరిగి వచ్చి కూర్చున్నాను గాని మనసు ఆ సినిమాలోనే ఉండె. గుర్తుకు ఒక గడి పక్క నుంచి మొదలుపెట్టినాను. అంతే. ఎవరూ ఏడవలేదు. ఎవరూ నా చేయి లాగలేదు.

ఇంకొకటి. పెనుకొండ నుంచి నాయనను తెచ్చినప్పుడు వీధంతా అడిగె. పొద్దునబడి యాడికి పోతాండె, ఎందుకు పోతాండె అని. సంచీ నా దగ్గర ఉండె. తీసి చూపించి ఉంటే సరిపోతాండె. నేను చాప మీద ఉన్న పిల్లోని వైపు చేయి చూపించినాను. "వీనికి మందుకు" అన్నాను.

వాడు నిద్రపోతాండాడు అనుకున్నాను. కండ్లు మూసుకుని ఉండె.

నాయన నా తప్పు తన మీద వేసుకుని పోయినాడు. నేను దాన్ని ఆరేండ్ల పిల్లోని మీద వేసినాను. వాడు మోస్తానే ఉన్నాడు.

చీర అంచు కోసి పొయ్యిలో వేసినాను. మిగిలింది మల్లికకు పావడా.

15 నవంబరు

శేఖరు మెసేజు: రేపు పెనుకొండ బస్టాండులో షూటింగు. చివరి సీను ఇంకా రాలేదు, ఉన్నంత తీస్తాను, వస్తావా అక్కా.

చేసిన చేయే పోయి చెప్పల్ల.

16 నవంబరు, ఆదివారం

బస్సుకు పోయినాను. పెనుకొండలో దిగినాను. ముప్పై రెండేండ్లుగా దిగలేదు ఆ బస్టాండులో.

నన్ను చూసి శేఖరు పరుగెత్తుకుని వచ్చినాడు. "బస్సులోనా వచ్చింది? వాంతి?"

"రాలేదు. ఎప్పుడూ రాదు."

వానికి అర్థం కాలేదు.

నాయన వేషం వేసింది వాళ్ళ కాలేజీ అటెండరు గంగప్ప. పంచె, తెల్ల చొక్కా, చేతిలో పసుపు సంచీ. బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషంగా, "ఏమక్కా, మీ నాయన మాదిరి ఉండానా?" అన్నాడు.

"సంచీ కింద పెట్టొద్దు గంగప్పా. ఒళ్ళో పెట్టుకో. రెండు చేతులూ దాని మీద ఉండల్ల."

గిరి కెమెరా వెనక నుంచి, "ఎందుకక్కా? మందు చీటీయే గదా సంచీలో ఉండేది?" అన్నాడు.

"చీటీ కాదు. చీర."

శేఖరు నా వైపు చూసినాడు. నేను చేతి సంచీలో నుంచి అట్ట తీసి వాని చేతిలో పెట్టినాను. అందరి ముందర చెప్పినాను. పక్కకు పిలిస్తే ఇంకొక దినానికి వాయిదా వేస్తాను అని భయం. మాఘం, మ్యాటినీ, గడి, హంసలు, సంచీ, చాప. వరసగా. ఎక్కువ మాటలు పట్టలేదు. ముప్పై రెండేండ్లది, ఒక బస్సు వచ్చి పోయేంతలో అయిపోయింది.

వాడు అట్టను ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. రంధ్రాల గుండా ఎండ వాని చొక్కా మీద చుక్కలు చుక్కలుగా పడింది.

"యాడ?"

"ఎనిమిదో వరస. ఈడ."

అక్కడ గోరు పెట్టినాడు.

"అంటే జ్వరం లేకున్నా నాయన పోతాండె."

"పోతాండె."

"నేను ఐసుపుల్ల తిన్నా, తినకున్నా."

"ఆ."

"నా పెండ్లప్పుడు చెప్పుండచ్చు."

"చెప్పుండచ్చు."

"పాప పుట్టినప్పుడు చెప్పుండచ్చు. మొన్న, నా ఇంట్లో, నా వేళ్ళు విడిపించినావే, అప్పుడు."

"ఆ. చెప్పుండచ్చు."

నవ్వినట్టు ముఖం పెట్టినాడు గాని నవ్వు కాదు. "నలభై వేల మందికి లొసుగులు చెప్తాండా నేను. ధర్మవరంలో మందుల షాపు లేదా అని గిరి గాడు ఒక్క పూటలో అడిగె. నేను ముప్పై రెండేండ్లలో ఒక్కసారి అడగలేదు చూడు. ఎందుకు? నువ్వు చెప్పినావని. అక్క చెప్పింది గదా అని."

గంగప్ప బెంచీ మీద అట్లనే కూర్చుని ఉన్నాడు, సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద.

"అన్నా, వెలుతురు పోతాది" అన్నాడు గిరి మెల్లగా.

"ఈ పొద్దుకు చాలప్పా."

అట్ట వాడే తీసుకుపోయినాడు. నేను బస్సుకు వచ్చినాను.

17 నవంబరు. చివరి సోమవారం.

ఫోను లేదు.

20 నవంబరు

లేదు. మల్లిక చేసింది. వానితో విన్నదంట. అరగంట తిట్టింది. చివరికి, "పావడాకు అంచు లేదని నేను నెల దినాలు ఏడిస్తిని గదక్కా, అప్పుడైనా నోరు తెరవకూడదా" అని మళ్ళీ ఏడ్చింది. నలభై ఏడేండ్లు దానికి. విన్నాను.

24 నవంబరు

అశ్వినికి చేసినాను. "ఇంట్లో మాట్లాడడు వదినా. రాస్తాడు, చించుతాడు. పాపను మాత్రం ఈ పొద్దు స్కూలుకు తానే తీసుకుపోయినాడు, జలుబు ఉన్నా."

జలుబు ఉన్నా.

30 నవంబరు

పోటీకి పంపే గడువు ఈ పొద్దు సాయంత్రం అయిదింటికి అయిపోయింది. వాడు పంపలేదంట. గిరి చెప్పినాడు.

నా వల్ల అది కూడా.

7 డిసెంబరు

నామం సాగుతాంది. సంతోషంగా కాదు. చెయ్యి తడబడకుండా సాగుతాంది, అంతే. వాడు ఇక రాకున్నా చెప్పడం తప్పు కాదు అని రాయబోయినాను. అది నిజమో కాదో తెలీదు. రాకుంటే ఎట్ల అనేది మాత్రం తెలుసు.

14 డిసెంబరు, ఆదివారం

ముందర నుంచి వచ్చే నామం ఈ పేజీ అవతలికి వచ్చేసింది. ఇదే ఆఖరు. చిన్న అక్షరాలతో రాస్తాను.

పదకొండింటికి శేఖరు, గిరి వచ్చినారు. చెప్పకుండా. వాడు నా ముఖం చూడకుండా రెండు కాగితాలు ఇచ్చినాడు. "చివరి సీను. తప్పులు చూడు."

చదివినాను. వెనక్కి పోయేది ఇప్పుడు హీరో కాదు. వాని అక్క. తల నెరిసిన మనిషి. తమ్ముడు చేసిన యంత్రంలో ఆమె ఆ దినానికి పోతుంది. ఏడు నిమిషాలు. అట్ట సరిచేయదు. నాయనను ఆపదు. చాప దగ్గరికి పోయి పిల్లోని పక్కన కూర్చుంటుంది.

"హీరో చెప్పేటట్టే రాసినా మొదట," అన్నాడు. "బాగలేదు. చేసిన చేయే పోయి చెప్పల్ల గదా."

"ఇందులో లొసుగు ఉంది."

"ఏంది?"

"పిల్లోనికి అప్పుడే చెప్పేస్తే, వాడు పెద్దయి యంత్రం ఎందుకు చేస్తాడు? యంత్రం లేకుంటే ఆమె ఎట్ల పోతుంది?"

"చేయడు. ఉండనీ."

"నలభై వేల మంది నవ్వుతారు."

"నవ్వనీ అక్కా. ఈ ఒక్కటి ఉండనీ."

గిరి అప్పటికే నడింట్లో చాప పరిచి, దిండు మీద దుప్పటి కప్పినాడు. పిల్లోని ముఖం కనపడేది లేదు, దిండు చాలు అన్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. నాకు నటించడం రాదు అన్నాను. "ఎవరు నటించమనిరి?" అన్నాడు శేఖరు.

కూర్చుని చూసినాను. "దుప్పటికి ఊపిరి లేదు" అన్నాను. "పిల్లోడు ఉంటే కదలల్ల."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శేఖరు చెప్పులు విడిచి దుప్పటి కిందికి దూరినాడు. పాదాలు బయటికి వచ్చినాయి. "ఆరేండ్ల పిల్లోనికి పది నంబరు కాళ్ళన్నా!" అని గిరి నవ్వినాడు. వాడు మోకాళ్ళు మడిచి, ముడుచుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చిన్నప్పుడూ అట్లనే పడుకుంటాండె.

కాగితంలో రెండు వాక్యాలు ఉన్నాయి. అవి చెప్పలేదు నేను.

"శేఖరా. నాయన పోయింది నీ జ్వరానికి కాదు. నా తప్పుకు. నువ్వేమీ చేయలేదు."

దుప్పటి కదలడం ఆగింది. తర్వాత కదిలింది, ఊపిరికి కదిలినట్టు కాదు. గిరి కెమెరా దించేసినాడు. వాకిట్లోకి పోయినాడు.

లోపల నుంచి, "ఇంకోసారి చెప్పక్కా" అన్నాడు.

చెప్పినాను. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ చెప్పినాను. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు.

దుప్పటి తీసి నుదుటి మీద చేయి పెట్టి చూసినాను. చల్లగా ఉంది.